కానరాని గండి

గోదావరి గట్టున కాపురముండువారికి కాపలా యన నేమో మరియొకరు నేర్పనక్కరలేదు. ధవళేశ్వరమువద్ద ప్రమాద హెచ్చరిక వెలువడిన దన్న వార్త చెవినిబడుటతోడనే దీపములు చేతబట్టి గట్లవెంట తిరుగుట కోనసీమలో తాతలనాటినుండి వచ్చుచున్న ఆచారము. 1986 ఆగస్టు వరదను చూచినవారు నేటికిని ఆ రాత్రులను తలచుకొనుచుందురు. గట్టు తెగుట ఏనుగు తొక్కిడివలన గాదు, ఎలుక బొరియవలన. బొరియ పగటివేళ ఎవ్వరి కంటను బడదు. దానిలో నీరు జొరబడినపుడు గాని దాని సంగతి తెలియదు. తెలిసిన కొలది సేపటికే ఊరు నీటిపాలగును.

నేడు కోనసీమలోని ప్రతి ఇంటిచుట్టును, ప్రతి దుకాణముచుట్టును మరియొక గట్టు ఏర్పడియున్నది. అది మట్టితో వేసినది గాదు, కంటికి కానరాదు. చేతిలోని ఫోను, బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్య, బొటనవ్రేలి ముద్ర, ఇవియే ఆ గట్టు. దానివెనుక ఉన్నది మన కష్టార్జితము. అంతకన్న విలువగల మన మర్యాద. ఈ గట్టునకు పడుచున్న బొరియలను గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

అంబాజీపేట కొబ్బరి బజారులో బేరము కుదిరినంతనే సొమ్ము ఫోనునుండి ఫోనునకు పోవుచున్నది. ఆత్రేయపురము పూతరేకులకు దూరదేశములనుండి ఫోనుమీదనే ఉత్తరువులు వచ్చుచున్నవి. రాజోలు, మలికిపురము ప్రాంతములనుండి కువైటునకును, మస్కటునకును పోయి ఇంటిపనులు చేయుచున్న స్త్రీలు కడుపుకట్టుకొని పంపు సొమ్ము అదే దారిని ఇల్లు చేరుచున్నది. 2016లో ఆరంభమైన యూపీఐ పద్ధతి పదేండ్లలో రేవుదగ్గర చేపలమ్ము స్త్రీ వరకును వ్యాపించినది. ఇది మేలే. చిల్లరకొరకు తగవులు తగ్గినవి. మధ్యవర్తుల కొల్లయు కొంత తగ్గినది. కాని సొమ్ము ఏ దారిని నడచునో దొంగయు ఆ దారినే నడచును. దేశమంతట సైబర్ మోసములవలన 2023లో ప్రజలు పోగొట్టుకొనిన సొమ్ము 7,465 కోట్ల రూపాయలు కాగా, 2024లో అది 22,845 కోట్లకు పెరిగినట్లు కేంద్రప్రభుత్వమువారే పార్లమెంటునకు తెలిపియున్నారు. ఒక్క యేట మూడింతలైనది! ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క. సిగ్గుచే నోరు మెదపక ఊరకున్నవారి లెక్క ఇందు లేదు.

"మాబోటివాని దగ్గర దొంగకు దొరకున దేమున్నది?" అని పలువు రనుకొనుచున్నారు. ఇది మొదటి పొరపాటు. పూర్వపు దొంగ ఒక్క రాత్రి ఒక్క ఇంటికి కన్నము వేయగలిగెడివాడు; కావున ధనికుని ఇల్లే వెదకెడివాడు. నేటి దొంగ ఒక్క పూటలో వేలమందికి కబురు పంపగలడు. వారిలో పదుగురు చిక్కినను వానికి చాలును. కావున పేదవాని ఇల్లును వాని గాలమునకు దూరము గాదు.

వాడు తాళము పగులగొట్టడు, మనచేతనే తీయించును. వాని ఆయుధములు రెండే: ఆశ, భయము. "మీకు సొమ్ము వచ్చినది, పుచ్చుకొనుటకు పిన్ నొక్కుడు" అనును. సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదన్న ఒక్క ముక్క తెలిసిన వానికి ఈ మాయ తాకదు. పెండ్లిపిలుపనియు, రవాణాశాఖవారి జరిమానా యనియు, రైతుల సహాయధనమనియు పేరుపెట్టి వాట్సాపులో ఒక మూట పంపును. అది పత్రిక గాదు, ఫోనులో పాతుకొనిపోవు యాప్. దానిని విప్పి, అడిగిన అనుమతులన్నియు ఇచ్చినయెడల బ్యాంకువారు మనకు పంపు రహస్యసంఖ్యలు మనకన్న ముందు వాని కందును. ఇక భయము: పోలీసు దుస్తులు ధరించి, వెనుక న్యాయస్థానపు తెరకట్టి, ఫోనులో కనబడి "మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు, గది దాటరాదు" అని గర్జించును. ఇట్టి అరెస్టు మన చట్టములో ఎచ్చటను లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే రేడియోలో దేశమునకు చెప్పవలసివచ్చినది. ఏ పోలీసు అధికారియు ఫోనులో అరెస్టు చేయడు. ఏ న్యాయమూర్తియు ఖాతాలోనికి జరిమానా పంపుమని వీడియోలో అడుగడు.

దుకాణదారునికి వేరొక ముప్పు. రద్దీవేళ వచ్చినవాడు తన ఫోను తెరను చూపి, "పంపితిని, చూడుడు" అని సరకు పట్టుకొని పోవును. ఆ తెర బొమ్మ కల్పితమై యుండవచ్చును. చూడవలసినది కొనువాని తెర గాదు, మన ఖాతా. గోడకు అంటించిన క్యూఆర్ కాగితముపై రాత్రివేళ మరియొక కాగిత మంటించిపోవు ఘనులును కలరు. తలుపు తీయుటతోడనే తన కాగితమునకు తాను ఒక్క రూపాయి పంపి, ఎవరి పేరు వచ్చునో చూచుకొనుట వర్తకునకు దీపము వెలిగించుటవంటి నిత్యకృత్యము కావలెను.

ఇవన్నియు జాగరూకతచే దాటదగినవి. జాగరూకతకు లొంగని గండి యొకటి కలదు. అది బొటనవ్రేలిది. దానినిగూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచితిమి.

వ్రేలిముద్రను సర్కారు వ్యవహారములలో వాడు ఆధునిక పద్ధతి మన దేశముననే మొదలైనది. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను తెల్లదొర ఒక కంట్రాక్టరు మాటను నమ్మక, ఒడంబడికపై అతని అరచేతి ముద్ర వేయించుకొనెను. ప్రపంచమున తొలి వ్రేలిముద్రల కార్యాలయము 1897లో కలకత్తాలో వెలసినది. ఆ ముద్రలను వర్గీకరించు విధానమునకు హెన్రీ దొర పేరు స్థిరపడెను గాని, దానికై బుద్ధిని ధారపోసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారు. భారతీయుని మాట చాలదు, అతని చర్మము సాక్ష్యమీయవలెనన్న అపనమ్మకమున పుట్టిన పద్ధతి యిది. స్వరాజ్యము వచ్చినను పద్ధతి పోలేదు; పెరిగినది. నేడు ఆధార్ సంఖ్యయు, బ్యాంకు పేరును చెప్పి, యంత్రముపై వ్రేలు మోపినచో సొమ్ము చేతికి వచ్చును. కార్డు వలదు, పిన్ వలదు, ఓటీపీ వలదు. చదువురాని ముదుసలికి బ్యాంకు మెట్లెక్కు పని తప్పినదనుట నిజము. ఆ సౌకర్యమును మేము తక్కువ చేయము.

కాని ఆ వ్రేలిముద్ర ఎచ్చటెచ్చట పడియున్నదో ఆలోచింతము. 2001లో సవరించిన రిజిస్ట్రేషను చట్టము ప్రకారము భూమి అమ్మువారును, కొనువారును దస్తావేజునకు ఫొటోయు, వ్రేలిముద్రలును చేర్చవలెను. ఆ దస్తావేజుల ప్రతులు ప్రభుత్వపు వెబ్‌సైటులకెక్కినవి. 2018లో తెలంగాణమున పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వర్తకు డొకడు అట్టి దస్తావేజులను దింపుకొని, వానిపైనున్న ముద్రలను రబ్బరు ముద్రలుగా పోతపోసి, వేలకొలది సిమ్ కార్డులను పరుల పేర చలామణిలో పెట్టినట్లు బయటపడినది. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖవారి దస్తావేజులనుండియే వ్రేలిముద్రలను తీసి, వానితో ఖాతాలలోని సొమ్మును లాగినది. పొలమమ్ముకొన్న పాపమునకు ఖాతాయు ఊడ్చుకొనిపోయినది!

ఇందు ముదుసలి చేసిన తప్పేమి? ఆమె ఎవ్వరికిని రహస్యసంఖ్య చెప్పలేదు. ఏ లింకును నొక్కలేదు. చట్టము వేయుమన్న చోట ముద్ర వేసినది. ప్రభుత్వము దానిని బజారులో పెట్టినది. పిన్ పోయినచో మార్చుకొనవచ్చును. తాళము పోయినచో మరియొకటి కొనవచ్చును. వ్రేలు పోయినచో ఏమి చేయగలము? మనుష్యునకున్నవి పదివ్రేళ్లే. అవి పుట్టుకతో వచ్చినవి. మరల చెక్కించుకొనుటకు వీలులేదు. ఇట్టిదానిని తాళముగా వాడదలచిన ప్రభుత్వము దానిని ప్రాణముతో సమానముగా కాపాడవలసి యుండెను. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థవారు యంత్రముపై మోపినది సజీవమైన వ్రేలా, పోతపోసినదా అని శోధించు క్రొత్త పరీక్షను ప్రవేశపెట్టిరి. మంచిదే. అయినను ఒకసారి బయటపడిన ముద్రను తిరిగి లోపల పెట్టు ఉపాయము ఏ శాస్త్రజ్ఞునికిని తెలియదు.

ప్రజలకున్న ఆధారము ఒకటి కలదు. ఆధార్ యాప్‌లోగాని, సంస్థవారి వెబ్‌సైటులోగాని వ్రేలిముద్రకు తాళము వేసికొనవచ్చును. అటుపిమ్మట ఎవ్వడు రబ్బరువ్రేలు మోపినను యంత్రము ఒప్పుకొనదు. మన అవసరమునకు కొంచెముసేపు తీసి, మరల మూయవచ్చును. లొల్ల లాకులు చూచినవారికి ఈ విద్య క్రొత్తది గాదు: పడవ వచ్చినపుడు తలుపు తీయుదురు, పోయినపిమ్మట మూయుదురు. ఫోనున్నవారందరు ఈ పని నేడే చేసికొనవలెనని మా మనవి. కాని ఇందొక చిక్కు కలదు. ఈ తాళమునకు ఫోను కావలెను. ఆధార్‌తో ముడిపడిన నెంబరు కావలెను. ఫోను లేనివారికొరకే వ్రేలిముద్ర పద్ధతి పెట్టితిమందురు. ఆ ముద్రను కాపాడుకొనుటకు మాత్రము ఫోను కావలెనందురు! గొడుగు లేనివానికి వానలో తడవకుండుటకై గొడుగు తెచ్చుకొమ్మన్నట్లున్నది.

మన యింటి అలవాట్లలోను బొరియ లున్నవి. ఆధార్ ప్రతి కావలసివచ్చినపుడు జిరాక్సు దుకాణపు వాట్సాపునకు పంపి, "రెండు కాపీలు తీయు మబ్బాయీ" అందుము. కాపీలు మన చేతికి వచ్చును. అసలు ప్రతి ఆ దుకాణపు కంప్యూటరులో నిలిచిపోవును. ఆ బ్బాయి మంచివాడే కావచ్చును. ఆ కంప్యూటరు అమ్ముడుపోయిన నాడు, లేక దొంగ చేతబడిన నాడు, ఊరందరి ఆధార్, పాన్, పాసుపుస్తకములు దానితోకూడ పోవును. కావున చివరి నాలుగంకెలు మాత్రము కనబడునట్లు తక్కినవానిని కప్పిన ఆధార్ ప్రతిని ఇచ్చుట, పూర్తి ప్రతి ఇయ్యకతప్పనపుడు దానిపై తేదీయు, ప్రయోజనమును అడ్డముగా వ్రాయుట, కాపీ తీసినంతనే ఎదుటనే చెరిపించుట అలవరచుకొనవలెను. దుకాణదారులును "సాయంత్రమునకు సర్వము చెరిపివేయబడును" అని బోర్డు కట్టి, ఆ మాట నిలుపుకొన్నచో అది వారి పరపతినే పెంచును. మన పేర ఎన్ని సిమ్ కార్డులున్నవో ప్రభుత్వమువారి సంచార్ సాథీ ద్వారా ఎవరికివారు చూచుకొనవచ్చును. తెలియనిది కనబడినచో రద్దు కోరవచ్చును. గల్ఫునుండి వచ్చు సొమ్మును తీసిపెట్టుటకు పొరుగింటి కుఱ్ఱవానికి పిన్ చెప్పు ఇండ్లు మన సీమలో తక్కువ గావు. సాయము పొందుడు, పిన్ మాత్రము మీరే నొక్కుడు. పొరుగువాని మీద అనుమానముచే గాదు. రేపు సొమ్ము పోయిన యెడల ఆ కుఱ్ఱవానిపై నింద పడకుండుటకు.

పరప్రభుత్వము మన ఉత్తరములు విప్పి చదివిన దినములు తెలుగువారు మరువలేదు. 1885 టెలిగ్రాఫు చట్టమును, 1898 పోస్టాఫీసు చట్టమును ఆ అధికారమును వారికి కట్టబెట్టినవి. వాని స్థానమున 2023లో వచ్చిన స్వదేశపు చట్టములలోను ఆ అధికారము నిలిచియే యున్నది. అయితే స్వతంత్రభారతమున ప్రజల చేతికి వచ్చిన డాలు కూడ ఒకటి కలదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వ్యక్తి గోప్యత రాజ్యాంగదత్తమైన ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు వెలువడి ఏడాది తిరుగకమునుపే, 2018 ఏప్రిలులో, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థవారి వెబ్‌సైటులో లక్షకు మించిన లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులమతములతోను, బ్యాంకు వివరములతోను బాహాటముగా పడియుండుట వెల్లడియైనది. ఇల్లడిగిన పేదవాని కులమును, ఖాతాను లోకమునకు చాటుట ఏ ధర్మము?

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. అడిగిన పనికే సమాచారమును వాడవలెను, పని తీరినపిమ్మట చెరిపివేయవలెను, కాపాడలేకపోయినచో 250 కోట్ల రూపాయలవరకు దండుగ కట్టవలెను అని అందున్నది. దానికి నియమములు 2025 నవంబరునకు గాని రాలేదు. ముఖ్యమైన బాధ్యతలకు అప్పటినుండియు పదునెనిమిది మాసముల గడువిచ్చిరి. ప్రభుత్వశాఖలకు అందు చూపిన సడలింపులు మాకు సమ్మతము గావు. ప్రజల ముద్రలును, కులములును, ఖాతాలును అన్నిటికన్న మిక్కుటముగా నున్నది ప్రభుత్వముచేతనే గదా! కాపలావానికే కాపలా సూత్రము వర్తింపదనుట వింతగానున్నది.

బ్యాంకులవారికిని ఒక మాట. ఖాతాదారుని తప్పులేక బయటివారి చేతివాటమువలన సొమ్ము పోయినచో, మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టము పైసయు రాగూడదనియు, తప్పు ఖాతాదారునిదే యని నిరూపించు భారము బ్యాంకుపైననే యున్నదనియు 2017 జూలైలో రిజర్వుబ్యాంకువారు శాసించిరి. ఈ సూత్రము బ్యాంకు గోడలమీద తెలుగులో పెద్దయక్షరములతో ఉండవలెను. "మీరే ఎవరికో చెప్పియుందురు" అన్న మాటతో రైతును వెనుకకు పంపుట న్యాయమును గాదు, మర్యాదయు గాదు.

భద్రత యనగా దొంగనుండి రక్షణ మాత్రమే గాదు. పద్ధతి నిలిచిపోయిననాడు నిలువగలుగుటయు భద్రతయే. 2022 మే 24న అమలాపురమున జరిగిన అల్లర్లపిమ్మట సుమారు రెండువారములు కోనసీమలో ఇంటర్నెట్టు నిలిపివేయబడుటయు, ఇంటనుండి ఉద్యోగము చేయు యువకులు జిల్లా ఎల్లలు దాటి పోవలసివచ్చుటయు పాఠకులకు జ్ఞాపకముండును. ఇట్టి ఆజ్ఞలు బహిరంగముగా ప్రకటింపవలెననియు, అవసరమునకు మించి సాగరాదనియు సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పియున్నది. ఆ సంగతి ప్రభుత్వము గుర్తుంచుకొనవలెను. వర్తకులు గుర్తుంచుకొనవలసినది వేరు: కొంత నగదు పెట్టెలోను, బాకీల పద్దు కాగితముమీదను ఉండితీరవలెను.

ఇక సిగ్గును గూర్చి. మోసపోయినవారిలో పలువురు ఇంటివారికి సైతము చెప్పుటలేదు. దొంగకు ఇంతకన్న గొప్ప సహాయము లేదు. గట్టునకు గండి పడినపుడు "నా పొలమువద్దనే పడెను, నలుగురు నవ్వుదు రేమో" అని కేకవేయక ఊరకుండు రైతు కోనసీమలో ఉండునా? కేక వినబడినంతనే ఇసుకబస్తాలతో ఊరు పరుగెత్తిరాదా? ఈ గండికి కేక వేయవలసిన నెంబరు 1930. ఉప్పుసత్యాగ్రహము నడచిన సంవత్సరమును ఎరిగిన తెలుగువానికి ఈ సంఖ్య మరపునకు రాదు. సొమ్ము పోయిన మొదటి గంటలోనే ఆ నెంబరునకు చెప్పినచో, దొంగ ఖాతానుండి మరియొక ఖాతాకు దాటకమునుపే దానిని నిలుపు అవకాశము కలదు. తెల్లవారినపిమ్మట చూతమన్నచో మిగులునది పశ్చాత్తాపమే.

మోసగాడని మనము తిట్టు వాడును కొన్నిచోట్ల మన బిడ్డయే. 2024 మే నెలలో కంబోడియాలో వందలకొలది భారతీయులు తమచేత బలవంతముగా సైబర్ మోసములు చేయించుచున్న వారిపై తిరుగబడిరి. వారిలో విశాఖపట్టణము ప్రాంతపువారు పలువురు. కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి, పాసుపోర్టులు లాగుకొని, తోటి దేశస్థులనే దోచుమని వారిని నిర్బంధించిరి. పొట్టకూటికై దేశాంతరము పోవు అలవాటుగల మన సీమకు ఇది గట్టి హెచ్చరిక. ఉద్యోగమిత్తునన్న వాని లైసెన్సు విచారింపక ఓడయైనను, విమానమైనను ఎక్కరాదు.

చేయవలసిన పను లేమి? రిజిస్ట్రేషను శాఖవారు దస్తావేజులపై వ్రేలిముద్రలను, ఆధార్ సంఖ్యలను పూర్తిగా కప్పివేసి, పాత ప్రతులను సైతము శోధించితిమని ప్రజలకు ప్రకటింపవలెను. ఫోను లేని వృద్ధుల వ్రేలిముద్రలకు తాళము వేయుటకును, తీయుటకును ప్రతి గ్రామమున ప్రభుత్వోద్యోగి యెదుట ఉచితముగ ఏర్పాటు జరుగవలెను. అమలాపురము, రాజోలు, కొత్తపేట కళాశాలల విద్యార్థులు సెలవులలో ఊరూర గ్రంథాలయముల అరుగులపై కూర్చుండి, పెద్దల ఫోనులు చేతబట్టక, పెద్దలచేతనే పని చేయించుచు నేర్పవలెను. గ్రంథాలయోద్యమముతో రాత్రిబడులు నడపిన జాతికి ఇది అసాధ్యము గాదు.

గట్టు సర్కారుది యని కాపలా మానుకొన్న ఊరును లేదు; ఊరు కాపలా కాయుచున్నది గదా యని గట్టును బాగుచేయని సర్కారును ప్రజలు క్షమింపలేదు. రెండును నడువవలెను. బొరియ మూయు బాధ్యత ప్రజలదే యని పాలకులును, పాలకులదే యని ప్రజలును ఒకరి మొగ మొకరు చూచుచున్నంతసేపు నీరు ఆగదు. వ్రేలిముద్ర వేసిన ముదుసలి మనలను నమ్మి వేసినది. ఆ నమ్మకమునకు గండి పడనీయకుండుట స్వరాజ్యము పొందిన జాతికి కనీసధర్మము.